రెండు గేదెలకు ఏడాది గడ్డి

గడ్డి కొనే ఇంట్లో పాల డబ్బు నిలవదని మా అత్తగారు అనేవారు. ఎండలు ముదిరేసరికి వరిగడ్డి ధర అమ్మేవాడి నోటికి ఎంత వస్తే అంత. పాలకేంద్రంలో ఇచ్చేది మాత్రం ఆ రోజుల్లోనూ వెన్న శాతం చూసే. అందుకని రెండు మూడు గేదెలున్న చిన్న రైతు వరి కోతలప్పుడే ఏడాది గడ్డి దొడ్డికి చేర్చుకోవాలి, చేర్చింది చెడకుండా చూసుకోవాలి. మాది బాపట్ల వైపు, కొమ్మమూరు కాలువ కింద రెండున్నర ఎకరాల మాగాణి. రెండు పాడి గేదెలు, ఒక పెయ్య. నేను చెప్పేదంతా ఈ కొలతకే. పెద్ద డైరీల సంగతి వేరు.

ముందు లెక్క తేల్చుకోవాలి. కొంత పచ్చిమేత, కొంత దాణా పెట్టే ఇంట్లో పెద్ద గేదెకు రోజుకు ఆరు కిలోల వరిగడ్డి పడుతుంది. అంటే రెండింటికీ ఏడాదికి 4,400 కిలోల దాకా, పెయ్యకు మరో 800. మేత వేసే గాడిలో తొక్కి పారేసేది, గడ్డివామి పైపొరలో చెడేది కలుపుకుంటే ఐదున్నర టన్నులకు పైనే కావాలి. చేత్తో కోసిన సాంబమసూరి వరి ఎకరాకు రెండు టన్నులకు కాస్త పైన గడ్డి ఇస్తుంది. కాబట్టి రెండున్నర ఎకరాల గడ్డి బొటాబొటిగా సరిపోతుంది, అదీ చెడకుండా ఉంటేనే. చెడితే వచ్చే లోటు పూడ్చడానికే వరి తర్వాత జనుము అనే పప్పుజాతి మేత చల్లుతాను. దాని సంగతి తర్వాత చెబుతాను.

కోత

యంత్రంతో కోయించాలా, మనుషులతో కోయించాలా అని అందరూ ధాన్యం వైపు నుంచే ఆలోచిస్తారు. గడ్డి వైపు నుంచి చూస్తే కొడవలి కోతకు సాటి లేదు. నేలకు దగ్గరగా కోసిన గడ్డి పొడవుగా, మట్టి అంటకుండా వస్తుంది, వామికి చక్కగా అమరుతుంది. యంత్రం మొదళ్లను జానెడు ఎత్తున వదిలేసి మిగిలినదాన్ని నలిపి వెనక వరుసగా పోస్తుంది. నేల తడిగా ఉంటే ఆ వరుసనే మళ్లీ బురదలోకి తొక్కుతుంది. బురద గడ్డిని గేదె మూతితో తోసేస్తుంది, మన గాడి ఊడ్పు మనకు మిగులుతుంది. అయితే కూలీలు దొరకని ఏడాది యంత్రాన్ని వద్దనే ధైర్యం ఎవరికీ లేదు. నా పద్ధతి ఏమిటంటే, మెరక చేలో ఒక ఎకరమైనా చేతికోత పెట్టి ఆ గడ్డిని వామి గోడలకు, పైకప్పుకు ఉంచుతాను. యంత్రం కింద వచ్చిన నలుగుడు గడ్డి నడుమ నింపడానికి పనికొస్తుంది.

కోతకు ముందు వరికి పట్టే సుడిదోమ పురుగుకు మందు కొట్టి ఉంటే డబ్బా మీద రాసిన గడువు దాటాకే కోయండి. ధాన్యం కోసం ఆ గడువు పాటించే రైతు కూడా గడ్డి దగ్గర మరచిపోతాడు. పక్క రైతు దగ్గర గడ్డి కొనేటప్పుడు ధర కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇదే.

కోసిన పనలు చేలో మూడు నాలుగు రోజులు ఎండాలి, మధ్యలో ఒకసారి తిరగెయ్యాలి. మంచు బాగా కురిసే ధనుర్మాసంలో పొద్దున్నే గడ్డి ఎత్తడం మొదలుపెట్టకండి. చూపుకు ఎండినట్టే ఉంటుంది గానీ చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. పది గంటలు దాటి మంచు పూర్తిగా ఆరాకే బండి కట్టాలి, మళ్లీ చల్లగాలి దిగకముందే ఆపాలి. కూలీలు పొద్దున్నే వచ్చి కూర్చున్నారని తొందరపడితే ఆ తడి వామి లోపలికి చేరుతుంది.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి గుప్పెడు గడ్డి తీసుకుని గట్టిగా మెలితిప్పండి. ఎండినదైతే పెళపెళా విరుగుతుంది. ఎండనిది వంగి ఊరుకుంటుంది. అయితే ఆకును నమ్మకూడదు. ఆకు ముందే ఎండిపోతుంది, తడి కణుపులో దాక్కుంటుంది. అడుగు కణుపును గోటితో నొక్కి చీల్చండి. లోపల పచ్చగా, మెత్తగా ఉంటే ఇంకో ఎండ కావాలి.

అనుమానం తీరకపోతే ఉప్పు సీసా పరీక్ష ఉంది. గడ్డిని వేలెడు ముక్కలుగా కత్తిరించి పొడి గాజుసీసాలో మూడు వంతులు నింపాలి. రెండు చెంచాల ఉప్పు వేసి, మూత బిగించి రెండు మూడు నిమిషాలు బాగా ఊపాలి. ఉప్పు పొడిపొడిగా అడుగుకు జారితే తేమ 15 శాతం లోపు ఉన్నట్టు, వామి వేసుకోవచ్చు. ఉండలు కట్టినా, సీసా గోడకు అంటుకున్నా ఆగాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు గాలికే చెమ్మగిల్లుతుంది కాబట్టి దాన్ని ముందు మూకుట్లో వేయించి చల్లార్చుకోవాలి. లేకపోతే తడి ఎక్కడిదో తెలియదు.

ఈ మధ్య బేలర్లు ఊరూరా తిరుగుతున్నాయి. గడ్డిని చుట్టలుగా కట్టి ఇస్తాయి, కూలి ఖర్చు తగ్గుతుంది, పాకలో పేర్చుకోవడం సులువు. కానీ బేలర్ వాడికి రోజుకు ఎన్ని ఎకరాలు అయ్యాయన్నదే లెక్క, లోపలి తడి కాదు. వరుసలు ఒకసారి తిరగేసి, కింది వైపు కూడా ఎండిందని మీరు చూశాకే పొలంలోకి రానివ్వండి. మొదట కట్టిన చుట్టల్లో ఒకదాన్ని అక్కడే విప్పి నడిమధ్య చెయ్యి పెట్టండి. చల్లగా తగిలితే పని ఆపించండి. వామిలో కొద్దిపాటి తడి నెమ్మదిగా ఆరే అవకాశమైనా ఉంటుంది, బిగించి కట్టిన చుట్ట నడుమ ఉన్న తడికి బయటికి దారి లేదు. కట్టిన చుట్టలను నేల మీద దొర్లించి వదిలేయకుండా సరుగుడు కర్రల మీద, వరసకూ వరసకూ మధ్య గాలి ఆడేలా పేర్చాలి.

ఇక తుపాను. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం మా బాపట్ల దగ్గరే తీరం దాటింది, సరిగ్గా కోతల మీద. అలాంటి ఏడాది అందరూ ధాన్యం వెంట పరుగెత్తుతారు, పరుగెత్తాలి కూడా. గడ్డికి చేయగలిగింది ఒకటే. నీళ్లలో ఉన్నదాన్ని వీలైనంత త్వరగా గట్ల మీదికి చేర్చి, చిన్న చిన్న కట్టలుగా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టాలి. పడుకోబెట్టిన కట్ట అడుగు కుళ్లుతుంది, నిలబెట్టింది ఆరుతుంది. తడిసి రంగు వెలిసి తెల్లబడ్డ గడ్డిలో బలం తగ్గినా మేతకు పనికొస్తుంది. నల్లబడి ముక్కిపోయినదాన్ని మాత్రం ఎంత కొరత వచ్చినా గాడిలో వేయకండి. కొంచెం తడిగా ఉన్న గడ్డి మీద పొరపొరకూ ఉప్పు చల్లి వామి వేసే అలవాటు మా వైపు ఉంది. బూజును కొంత ఆలస్యం చేస్తుందేమో గానీ ఉప్పు ఎండకు బదులు కాదు.

వామి

చోటు ముందు చూసుకోవాలి. దొడ్డిలో అన్నిటికన్నా మెరకగా ఉన్న చోటు, చుట్టూ నీళ్లు పోయే బోదె, పైన కరెంటు తీగ లేకుండా. ఇంటికీ, పశువుల పాకకూ దూరంగా ఉండాలి. గడ్డి మోయడం బద్ధకమని పాకకు ఆనించి వేసేవాళ్లున్నారు, నిప్పు పడితే రెండూ పోతాయి. చెట్టు కింద నీడ బాగుంటుంది కదా అనిపిస్తుంది కానీ వాన వెలిసిన తర్వాత కూడా గంటసేపు చెట్టు కురుస్తూనే ఉంటుంది. జూన్ నుంచి మాకు గాలీ వానా పడమటి వైపు నుంచి ఎక్కువ. అందుకని వామి పొడవు తూర్పు పడమరలుగా పెట్టి, ఇరుకు వైపును గాలికి ఎదురుగా ఉంచుతాం. వెడల్పు గోడను గాలికి అప్పగిస్తే జల్లంతా దానికే.

ఒక పెద్ద వామికి బదులు రెండు చిన్నవి వేయమని నా సలహా. పన్నెండు అడుగుల వెడల్పు, పధ్నాలుగు అడుగుల పొడవు, గోడ ఆగి కొప్పు మొదలయ్యే భుజం దాకా ఏడెనిమిది అడుగుల ఎత్తు. అలాంటివి రెండైతే మా గడ్డి అంతా పడుతుంది. ఒకటి తెరిచి వాడుకుంటుంటే రెండోది వానాకాలం దాటేదాకా ముట్టుకోకుండా ఉంటుంది. నిప్పు ప్రమాదమైనా సగమే పోతుంది.

అడుగున సరుగుడు కర్రలు గానీ తాటిమొద్దులు గానీ అడ్డంగా పరిచి, దాని మీద కంప, ఆ పైన కిందటేటి పాత గడ్డి వేయాలి. మంచి గడ్డి నేలకు తగలకూడదు. ఈ ఎత్తు లేకపోతే నేల చెమ్మ పీల్చి అడుగు మూరెడు గడ్డి పేడకుప్పకే పోతుంది.

ఇప్పుడు అసలు పని. మా ఊళ్లో వామి వేయడంలో చేయి తిరిగిన పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయన వేసిన వామి మూడు వానాకాలాలు నిలిచినా లోపలి గడ్డి పచ్చిపసుపు రంగు పోదు. ఆయన చేసేది చూస్తే పెద్ద రహస్యమేమీ కనిపించదు. ముందు మూలలు, తర్వాత అంచులు, ఆఖరున నడుమ. అంచుకు వేసే కట్ట మొదళ్లు బయటికి, కొసలు లోపలికి. కానీ ప్రతి వరసకూ ఒక కుర్రవాణ్ని నడుమ ఎక్కించి తొక్కిస్తారు, అంచు మీద అడుగు వేయనివ్వరు. నడుమ ఎప్పుడూ అంచు కన్నా మోకాలెత్తు పైకే ఉండాలి. కుర్రవాడు అలసిపోయి అంచు మీద కూర్చుంటే పెద్దాయన గడ్డి అందించడం మానేసి చూస్తూ నిలబడతారు, అంతే.

కారణం గట్టిదే. వేసిన వామి నెల రోజుల్లో బాగా దిగుతుంది. నడుమ బాగా తొక్కి ఉంటే అక్కడ తక్కువ దిగుతుంది, అంచులు ఎక్కువ దిగుతాయి. అప్పుడు ప్రతి గడ్డిపోచా బయటికి వాలుతుంది, చూరు మీది తాటాకులా నీటిని బయటికి జార్చేస్తుంది. నడుమ వదులుగా ఉంటే అదే ముందు కుంగుతుంది. పోచలన్నీ లోపలికి వాలి, పడ్డ ప్రతి చుక్కనూ వామి గుండెలోకి తీసుకుపోతాయి. బయటికి బంగారంలా కనబడుతూ లోపల నల్లగా కుళ్లిన వామి అంతా ఇలా తయారైనదే. పైన ఎంత పట్టా కప్పినా ఈ తప్పు సరికాదు.

గోడ నిటారుగా కన్నా పైకి పోయేకొద్దీ కొంచెం బయటికి రావాలి. అడుగు పన్నెండు అడుగులైతే భుజం దగ్గర పదమూడు. చూరు నీళ్లు గోడ వెంట కారకుండా నేల మీద పడతాయి. భుజం దాటాక లోపలికి తగ్గించుకుంటూ ఏటవాలుగా కొప్పు తీయాలి. కొప్పు చదునుగా ఉంటే పని సగంలో ఆపినట్టే. ఆఖరున దంతెతో పైనుంచి కిందికి దువ్వితే పోచలన్నీ ఒక వైపు తిరుగుతాయి, రాలిపోయేది రాలిపోతుంది.

ఆ రోజే పూర్తయిందనుకోకండి. రెండు వారాలు దిగనిచ్చి, గుంటలు పడ్డ చోట చేతికోత గడ్డితో మళ్లీ నింపి కొప్పు సరిచేయాలి. తర్వాత తాటాకు గానీ రెల్లు గానీ కప్పి, వరిగడ్డితో పేనిన వెంట్లు అడ్డంగా వేసి రెండు కొసలకూ రాళ్లు వేలాడదీయాలి. గాలి ఎంత లాగినా రాళ్లు కిందికి గుంజుతుంటాయి. పట్టా కప్పేవాళ్లు కొప్పుకే కప్పండి, గోడలను మూయకండి. పట్టాకూ గడ్డికీ మధ్య నాలుగు కర్రలు పెట్టి గాలి సందు వదలాలి. లేకపోతే పట్టా కింద చెమటపట్టి పైపొర అంతా బూజు పడుతుంది.

మొదటి నెల వామి వేడి చూస్తుండాలి. తేమ 20 శాతం దాటిన గడ్డి లోపల ఉడుకుతుంది. పొడవాటి ఇనుపచువ్వ నడుమ దాకా గుచ్చి పావుగంట తర్వాత లాగి పట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చేతిలో నిలవనంత కాలితే వామి విప్పాల్సిందే. పొగ గానీ మాడిన వాసన గానీ వస్తుంటే ఒక్కరే పైకెక్కి పీకడం మొదలుపెట్టకండి. లోపలి వేడికి ఒక్కసారి గాలి తగిలితే మంట లేస్తుంది, పైన నిలబడ్డ మనిషి కుంగి లోపల పడవచ్చు. అగ్నిమాపక కేంద్రానికి 101కి ఫోను చేసి, నీళ్లు సిద్ధం చేసుకున్నాకే కదిలించాలి.

బయటి నిప్పు సంగతి అందరికీ తెలుసు, అయినా ఏటా ఎక్కడో ఒకచోట వామి తగలబడుతూనే ఉంటుంది. కొత్త వాములు లేచే రోజులూ భోగిమంటల రోజులూ ఒకటే కావడం మన ఖర్మ. పిల్లలు మంటకు గడ్డి పీక్కెళ్లడానికి వస్తారు. నేనే ముందు రోజు రెండు మోపుల పాత గడ్డి వీధి చివర పడేసి వస్తాను, వామి జోలికి రారు.

జనుము, పిల్లిపెసర

వరిగడ్డి కడుపు నింపుతుంది గానీ అందులో మాంసకృత్తులు నాలుగు శాతం కూడా ఉండవు. పప్పుజాతి ఎండుమేత కొంచెం కలిపితే దాణా ఖర్చు తగ్గుతుంది. కోతకు రెండు మూడు రోజుల ముందే నిలబడ్డ వరిలో జనుము గానీ పిల్లిపెసర గానీ చల్లితే నేలలో ఉన్న తేమకే పెరుగుతాయి. జనుమును పూత మీద కోయాలి. కాయ కట్టేదాకా ఆగితే కాడ నార అవుతుంది, పైగా జనుము గింజ పశువుకు విషం. పిల్లిపెసర కాయ తొడిగినా మెత్తగానే ఉంటుంది.

వీటిని ఎండబెట్టడం వరిగడ్డి లాంటిది కాదు. బలమంతా ఆకులోనే ఉంది, ఆకు ఎండగానే రాలుతుంది. మిట్టమధ్యాహ్నం తిరగేస్తే మేతంతా చేలో రాలి, కట్టెలు ఇంటికొస్తాయి. తిరగేసే పని పొద్దున మంచు పొడ ఉండగానే చేయాలి, ఎత్తేది మాత్రం అది ఆరిన తర్వాత, ఎండ తీవ్రం కాకముందు. ఒకటి రెండు ఎండల తర్వాత మూడు కర్రలు గూడుగా నిలబెట్టి వాటి మీద వేస్తే గాలికే ఆరుతుంది, ఆకుపచ్చ రంగు నిలుస్తుంది. ఎండకు తెల్లబోయిన జనుము కన్నా నీడకు ఆరిన జనుమును గేదెలు ఇష్టంగా తింటాయి. దీన్ని బయట వామి వేయకండి, పాక అటక మీదో గోనెపట్టాల మీదో ఉంచాలి. గట్ల మీది గరిక మిగిలితే అదీ కోసి ఇలాగే ఆరబెట్టుకోవచ్చు. సూపర్ నేపియర్ గడ్డి లాంటి లావు కాడలు ఎండుమేతకు కుదరవు, వాటిని పచ్చిగానే నరికి పెట్టండి.

వాడుకోవడం

వామిని చుట్టూ తిరుగుతూ అందిన చోటల్లా దూయకూడదు. అడుగు సన్నబడి తల బరువుకు ఒరుగుతుంది. గాలి తగలని తూర్పు కొస నుంచి మొదలుపెట్టి, గడ్డికత్తితో పైనుంచి కిందికి నిలువుగా కోసుకుంటూ రావాలి. తెరిచిన ముఖం ఎప్పుడూ ఒకటే ఉండాలి. చెయ్యి పెట్టే ముందు కర్రతో నాలుగు దెబ్బలు వేయండి. గింజ మిగిలిన గడ్డిలో ఎలుక చేరుతుంది, ఎలుక ఉన్న చోటికి పాము వస్తుంది. చీకటి పడ్డాక గడ్డి తీయడం మా ఇంట్లో నిషేధం, మర్నాటికి కావలసింది సాయంత్రమే పాకలో వేసుకుంటాం. ముక్కలు కోసే యంత్రం ఉంటే గాడిలో వృథా చాలా తగ్గుతుంది.

వేసేముందు దులపండి, వాసన చూడండి. దుమ్ములా బూజు లేస్తే, ముక్క వాసన వస్తే పక్కన పెట్టండి. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు డెగ్నాలా వ్యాధి వస్తుంది. తోక కొస, చెవి కొసలు నల్లబడి ఎండిపోతాయి, గిట్టల పైన వాచి పుండ్లు పడి కుంటుతుంది. చలికాలంలో, బూజు గడ్డి మేపే చోట ఇది కనబడుతుంది. తోక కొస చల్లగా, బిరుసుగా ఉందనిపిస్తే ఆ రోజే ఆ గడ్డి ఆపేసి పశువైద్యుణ్ని పిలవండి. మిగిలిన మంచి గడ్డితో కలిపి మెల్లగా అయిపోగొడదామనే ఆలోచన వద్దు.

యూరియాతో మాగవేసిన గడ్డి గురించి చాలామంది అడుగుతారు. కుదిరినవాళ్లకు మంచిదే. 100 కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ సమానంగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టాతో మూడు వారాలు మూసి ఉంచాలి. తీసిన గడ్డిని గంటసేపు ఆరబోసి ఘాటు పోయాక, కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. కలిపిన నీళ్ల బకెట్టును గేదె అందుకునే చోట క్షణం కూడా వదలకండి, తాగితే దక్కదు. మనుషులు తక్కువ ఉన్న ఇంట్లో ఈ ఒక్క భయం చేతనే నేను దీన్ని పెట్టుకోలేదు. జనుముతో సరిపెట్టుకుంటున్నాను.

కొత్త గడ్డి వచ్చినా పాతది అయిపోయేదాకా కొత్త వామి తెరవకండి. నూర్చిన వెంటనే పెడితే పశువులు పారుకుంటాయని మా పెద్దలు నెల రోజులు ఆగేవారు, నేనూ ఆగుతాను. పాత వామి అడుగున మిగిలిన చెమ్మగడ్డిలో పొడిగా ఉన్నంత మేర కొత్త వామికి పరుపుగా వేసి, మిగిలింది పేడగుంతలో పడేయండి.